ఫ్యాను ఆపి చదివిన పుస్తకం

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి నెలనెలా ఒక సమాచార పత్రం వెలువడుతుంది. వెలువడుతుంది అంటే, నేను రాస్తాను. కొత్తగా ఏ పుస్తకాలు వచ్చాయి, ఏ ఈ-పత్రికలకు చందా కట్టాం, వాటిని హాస్టల్ నుంచి తెరవాలంటే ఏం చేయాలి, పరీక్షల రోజుల్లో హాలు ఎంతసేపు తెరిచి ఉంటుంది, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. 'విద్యార్థులకు, సిబ్బందికి' అని పైన పెద్ద అక్షరాలతో పెడతాను. విద్యార్థులు చదవరు. సిబ్బంది అసలే చదవరు. ఆ కాగితం అంటించిన బోర్డుకే వీపు ఆనించి నిలబడి, "మేడమ్, కొత్తగా ఏమన్నా వచ్చినాయా?" అని నన్ను అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో పెడితే బొటనవేళ్లు వరసగా వచ్చి పడతాయి. ఆ బొటనవేలు పెట్టిన పెద్దమనిషే మర్నాడు కౌంటరు దగ్గరికి వచ్చి పాస్‌వర్డ్ మార్చిన సంగతి తనకెవరూ చెప్పలేదని తగాదా పెట్టుకుంటాడు.

హాలు మాత్రం కిటకిటలాడుతూ ఉంటుంది. పొద్దు పొడవకముందే కుర్చీల మీద సంచులు, తువ్వాళ్లు, ఒక్కోసారి హెల్మెట్లు కూర్చుని ఉంటాయి. మనుషులు తర్వాత వస్తారు. వాళ్లు చదివేది ఇంటి నుంచి మోసుకొచ్చిన పోటీ పరీక్షల పుస్తకాలు. మా పుస్తకాలు మా అరల్లోనే ఎర్రమట్టి దుమ్ము కప్పుకొని పడుకుంటాయి. అనంతపురం గాలి సంగతి తెలిసిందే, ఎన్ని కిటికీలు మూసినా దారి వెతుక్కుని వస్తుంది. నాకు కోపం ఎక్కువని క్యాంపస్‌లో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

ఒక ఏడు చలికాలంలో, ఇట్లా కాదని చెప్పి, ఆ నెల సమాచారాన్ని రంగురంగుల పోస్టరుగా చేయించాను. కంప్యూటర్ బాగా తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని బతిమాలి, పూల అంచులు, పుస్తకాల బొమ్మలు పెట్టించి గ్రూపులో వదిలాను. బొటనవేళ్లతో పాటు చప్పట్లు కూడా వచ్చాయి. నా మనసు కాస్త చల్లబడింది.

రెండో రోజు ఒక అమ్మాయి నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో మడిచిన తెల్లకర్ర ఉంది. ఎం.ఏ. చరిత్ర, రెండో సంవత్సరం. పుట్టుకతోనే చూపు లేదట.

"మేడమ్, ఈ నెల సమాచారంలో ఏముండాదో చెప్తారా?" అంది.

"గ్రూపులో పెట్టాను కదమ్మా" అన్నాను, ఎప్పటి విసుగుతోనే.

"పెట్టినారు. బొమ్మగా పెట్టినారు. నా ఫోను చదివి చెప్తాది గానీ, బొమ్మొస్తే 'చిత్రం' అని ఊరుకుంటాది. ప్రతి నెలా వింటాండా మేడమ్. పోయిన నెల మీరు హాలు టైము పెంచినామని రాసినారు గదా. ఆ ముందు నెల ఏదో ట్రయలని ఈ-పుస్తకాలు కొన్నాళ్లు ఊరికే చూడొచ్చని రాసినారు. ఈ నెలే ఏమీ తెలీలేదు."

ఇన్నేళ్లుగా నేను రాస్తున్న దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివేవాళ్లు ఈ క్యాంపస్‌లో ఒకరున్నారు. ఆ ఒక్కరికీ అందకుండా నేను పూల అంచులు పెట్టించాను. ఆమెను కూర్చోబెట్టి, పోస్టరులో ఉన్నదంతా అక్షరం వదలకుండా చదివి వినిపించాను. ఆ రోజు నుంచి మా సమాచార పత్రంలో బొమ్మ అన్న మాట లేదు.

చదివి ముగించాక అసలు సంగతి చెప్పింది. వేసవిలో ఆఖరి పరీక్షలు. ఒక పేపరు మా ప్రాంతపు కరువుల చరిత్ర మీద. దానికి ఆధారం ఒకే ఒక్క తెలుగు పుస్తకం. ఎప్పుడో సీసపు అక్షరాలతో అచ్చయింది, మళ్లీ అచ్చు కాలేదు, మా దగ్గర ఒకే ప్రతి ఉంది. హాస్టల్లో ఆమె గదిలో ఉన్న సీనియర్ అమ్మాయి ఇన్నాళ్లూ ఆమెకు పాఠాలు చదివి వినిపించేది. ఆ అమ్మాయి చదువు అయిపోయి ఊరికి పోయింది. ఈ పుస్తకం మాత్రం మిగిలిపోయింది.

"ఈ పేపరు పోతే ఏడాది పోతాది మేడమ్. ఇంకో ఏడాది హాస్టల్లో పెట్టి చదివించల్లంటే మా నాయన చేత కాదు. ఇంటికి రమ్మంటాడు. పోతే మళ్లీ రాను, నాకు తెలుసు" అంది. గొంతులో ఏడుపు లేదు. శింగనమల పక్క పల్లెటూరి పిల్ల, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మా దగ్గర పుస్తకాన్ని కెమెరా కింద పెడితే చదివి వినిపించే యంత్రం ఉంది. దాని గురించి నేనే గొప్పగా నోటీసు రాశాను. ఆ పాత పుస్తకం పెడితే అది తెల్లమొహం వేసింది. పసుపెక్కిన కాగితం, అరిగిన అచ్చు చూసి, ఏ భాషకూ చెందని శబ్దాలు చేసింది. అమ్మాయి కాసేపు విని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి నెల సమాచార పత్రంలో కొత్త పుస్తకాలు, ఈ-పత్రికలు అన్నీ కిందికి నెట్టి, పైన ఒకే మాట రాశాను: ఒక పుస్తకాన్ని గొంతుతో చదివి రికార్డు చేయడానికి మనుషులు కావాలి, తలా ఒక అధ్యాయం, తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగితే చాలు. ఎవరూ రారని ముందే కోపం తెచ్చుకుని కూర్చున్నాను. వచ్చారు. ఎవరు చదివి వచ్చారో, ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు గానీ వచ్చారు. కామర్స్ ప్రొఫెసర్ వచ్చారు. పరిపాలన భవనంలో గుమాస్తాగా పనిచేసే ఒక ముస్లిం ఆవిడ వచ్చింది. హాస్టల్ పిల్లలు, తువ్వాలు వేసి కుర్చీ పట్టుకునే పోటీ పరీక్షల పిల్లలు కూడా వచ్చారు.

చదవడానికి చోటు వెతకడమే పెద్ద పని అయింది. మా క్యాంపస్‌లో గాలి ఆగిన రోజు లేదు. చివరికి పాత పత్రికలు బైండు చేసి పెట్టిన వెనక గది కుదిరింది. చుట్టూ కాగితం గుట్టలు ఉండటంతో బయటి చప్పుడు లోపలికి రాదు. అయితే ఫ్యాను వేస్తే ఆ కటకట రికార్డులో పడుతుంది. అందుకని ఫ్యాను ఆపి చదవాలి. అప్పటికే ఎండలు ముదిరాయి. అనంతపురం ఎండలో, కిటికీలు బిగించిన గదిలో, ఫ్యాను లేకుండా కూర్చుని కరువు గురించి చదవడం మాటలు కాదు. బయటికి వచ్చిన ప్రతి మనిషీ బావిలో ముంచి తీసినట్టు ఉండేవాడు. ఒక్కరు కూడా మధ్యలో వదిలి పోలేదు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. మావాళ్లు నోరు కట్టుకుని చదవలేరు. ఉన్నది చదవండి, సొంత మాటలు వద్దు అని ముందే చెప్పి పంపేదాన్ని. సరే సరే అని తల ఊపేవారు. లోపలికి పోయాక, ఆ పుస్తకం రాసినాయన ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేవారు.

కామర్స్ ప్రొఫెసర్‌ది కళ్యాణదుర్గం దగ్గర వ్యవసాయ కుటుంబం. తరగతిలో ఆయన మాట్లాడితే వార్తలు చదివినట్టు ఉంటుంది. పైర్ల అధ్యాయం ఆయనకు ఇచ్చాను. రైతులు వేరుశనగ ఒక్కటే నమ్ముకోవడం కష్టాలకు ఒక కారణమని పుస్తకంలో ఒక వాక్యం వచ్చింది. ఆయన ఆ వాక్యం చదివి ఆగారు. తర్వాత రికార్డులో ఇట్లా ఉంది: "ఏమప్పా నువ్వు చెప్పేది? వేరుశనగ వేసి చెడిపోయినామంట. ఇంకేమి వేయల్ల, కుంకుమపువ్వు వేయల్లా? మా నాయనకి చెప్పింటే కొట్టింటాడు నిన్ను." ఒక దగ్గు. సీసా మూత తిప్పిన చప్పుడు. మళ్లీ వార్తలు చదివే గొంతు.

ఇంకో పిల్లవాడు వానల లెక్కల దగ్గర పెద్దగా నిట్టూర్చి, "అంతే, అంతే" అన్నాడు. ఒక అమ్మాయి వలసల అధ్యాయం చదువుతూ బెంగళూరు పేరు రాగానే, "మా అన్న ఆడ్నే ఉండాడు ఇప్పుడు" అని చెప్పి ముందుకు పోయింది.

గుమాస్తా ఆవిడ చదివింది గంజి కేంద్రాల గురించి. ఒకప్పుడు కరువులో జనం వరసల్లో నిలబడి గంజి పోయించుకున్న కథ అది. ఆవిడ గొంతు చాలా మెత్తన. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు, మనిషి ఊపిరి తీస్తున్న చప్పుడు తప్ప. తర్వాత మెల్లగా అంది: "మా అవ్వ సచ్చేదాకా గంజి తాగలేదు. అన్నం వార్చిన గంజి పారబోయనిచ్చేది కాదు, అట్లని తాగేదీ కాదు. పక్కింటోళ్ల బర్రెకి పోసేది. ఎందుకవ్వా అంటే, ఆ లైను గుర్తొస్తాదే అనేది. ఇదేనేమో ఆ లైను." అంతే. మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయింది.

అది నేను రెండుసార్లు విన్నాను. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా. చదువుకునే పుస్తకంలో ఇవన్నీ ఉండకూడదని, సొంత మాటలన్నీ కత్తిరించమని పోస్టరు చేసిన పరిశోధక విద్యార్థికే చెప్పాను. అతను పని మొదలుపెట్టే లోపే, టైము లేదని చెప్పి అమ్మాయి కొన్ని అధ్యాయాలు ఉన్నవి ఉన్నట్టే ఫోనులోకి ఎక్కించుకుని పోయింది.

ఆమె వినడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. హాలు మూలలో కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. చెవికి తగిలించుకునేది పాడైందట, అందుకని చిన్నగా బయటికి వినిపిస్తోంది. చేటలో వేరుశనగ కాయలు గలగలలాడించినట్టు ఒక చప్పుడు. పాడైందేమో అనుకుని దగ్గరికి పోయాను.

"ఏమ్మా, ఏమిటా చప్పుడు?"

"కామర్స్ సారు చదువుతాండాడు మేడమ్" అంది.

నమ్మలేదు. ఆమె నవ్వి, "మీకోసం నిదానం చేస్తా" అని ఏదో నొక్కింది. గలగల సాగి సాగి మాటలైంది, మాటలు ప్రొఫెసర్ గొంతయ్యాయి. మళ్లీ నొక్కితే మళ్లీ గలగల. మామూలుకు మూడింతల వేగంలో వింటుందట. మామూలుగా వింటే నిద్ర వస్తుందట. నాకు ఒక్క ముక్క అర్థం కాని ఆ గలగలలో ఆమె పెదవులు కదులుతున్నాయి, ఒకచోట చటుక్కున నవ్వింది. ఏమిటని అడిగితే, "కుంకుమపువ్వు" అంది. జీవితమంతా పుస్తకాల మధ్య ఉన్నదాన్ని. చదవడం అంటే ఏమిటో నాకు తెలుసని అనుకునేదాన్ని. ఆ పిల్ల ముందు నిలబడితే, కొండ కింద నిలబడి పైకి చూసినట్టు అనిపించింది.

కత్తిరించే సంగతి చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

"వద్దు మేడమ్. మీకు పేజీ ఉంటాది. ఎడమ పక్క, కుడి పక్క, కింద, మీద, యాడ చదివినారో కన్ను గుర్తు పెట్టుకుంటాది. నాకు పేజీ లేదు గదా. సారు తిట్టింది యాడో, ఆవిడ ఆగింది యాడో, ఆడ నాకు గుర్తు. అవి తీసేస్తే నేను యాడ పట్టుకోవల్ల?"

పరిశోధక విద్యార్థికి ఫోను చేసి, కత్తెర పక్కన పెట్టమన్నాను.

ఆఖరి అధ్యాయం ఎవరూ తీసుకోలేదు. చెరువుల మరమ్మతు, మాన్యాలు, కట్టుబాట్లు, అంతా పొడిపొడిగా ఉంటుంది. నేనే చదివాను. అందరికీ నీతులు చెప్పినదాన్ని కాబట్టి, ఎట్లా చదవాలో చూపించాలన్న పట్టుదల కూడా ఉంది. చెమట ధారలు కట్టినా ఒక్క నిట్టూర్పు లేకుండా, ఒక్క దగ్గు లేకుండా చదివాను. మధ్యలో ఒక్కసారి మాత్రం గది బయట ఎవరో పిల్లలు ఒకటే గోల చేస్తుంటే, రికార్డు ఆపి, తలుపు తీసి వాళ్లను నాలుగు కేకలేసి వచ్చి మళ్లీ మొదలుపెట్టాను. అధ్యాయం ముత్యంలా వచ్చిందని నాకు నేనే మెచ్చుకుని ఆమెకు ఇచ్చాను.

కొన్నాళ్లకు ఎట్లా ఉందని అడిగాను. ఆమె తటపటాయించింది.

"బాగా చదివినారు మేడమ్. కానీ అందులో మీరు యాడా లేరు. వినేదానికి విన్నా గానీ, తలలో నిలబడ్డంలేదు. ఆ అధ్యాయమే నాకు భయం."

నాకు చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు. లేపాక్షి దగ్గర పల్లె మాది. అక్కడి పెద్ద రాతి నందిని చూడటానికి వచ్చిన టూరిస్టు బస్సులు మా వాకిలికి అడ్డం పెడితే అరిచి అరిచి పెరిగిన గొంతు నాది. ఉద్యోగంలో చేరాక ఆ గొంతును ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఆ ఇస్త్రీ మడతలే తప్పంటుందేమిటి ఈ పిల్ల, అనుకున్నాను. మళ్లీ చదువుతానన్నాను. టైము లేదంది. నిజంగానే లేదు, పరీక్షలు నెత్తిమీదికి వచ్చేశాయి.

ఆమె చెప్తుంటే వేరొకరు జవాబులు రాయాలి కాబట్టి, అందరితో పాటు హాల్లో కూర్చోబెట్టడం కుదరదు. నిశ్శబ్దంగా ఉండే వేరే గది కావాలని పరీక్షల విభాగం అడిగితే మా వెనక గదే ఇచ్చాం. గమనించడానికి ఒక మనిషి ఉండాలంటే నన్నే ఉండమన్నారు. ఆమె, రాయడానికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి, నేను. ఆ రోజు ఫ్యాను వేసుకున్నాం.

రాసే అమ్మాయి ప్రశ్నలు చదివి వినిపించింది. పైర్ల మీద ఒకటి, గంజి కేంద్రాల మీద ఒకటి. ఈమె చెప్పడం మొదలుపెట్టింది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బిగుసుకుపోయాను. ఎందుకంటే పైర్ల జవాబు చెప్పేటప్పుడు ఆమె గొంతులో ప్రొఫెసర్ నడక ఉంది. ఆయన ఎక్కడ ఊపిరి తీశారో అక్కడే తీసింది. వేరుశనగ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, పెదవుల్లో నవ్వుకుని, తిట్టు వదిలేసి, రైతులకు వేరే దారి లేకపోవడం అన్న మాట చేర్చి ముందుకు పోయింది. గంజి కేంద్రాల దగ్గర, ఆవిడ ఆగినచోటే ఆగింది. రాసే అమ్మాయి తల ఎత్తి చూసింది. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలుసు. ఆ గదిలో, ఆ కాగితం గుట్టల మధ్య, మావాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడి ఆ పిల్లకు అందిస్తున్నట్టు ఉంది. అంత పెద్ద అద్భుతం నేను మా గ్రంథాలయంలో అంతకు ముందు చూడలేదు.

ఆఖరి ప్రశ్న తప్పనిసరిగా రాయాల్సింది, మార్కులు ఎక్కువ ఉన్నది: చెరువుల మరమ్మతు భారాన్ని ఊళ్లు ఎట్లా పంచుకున్నాయి, వివరించండి.

నా అధ్యాయం.

ఆమె మొదటి వాక్యం చెప్పింది. రెండోది సగం చెప్పింది. ఆగింది. ఇది ఎవరూ ఆగిన చోటు కాదు. ఆమె వేళ్లు టేబుల్ మీద ఏదో వెతుకుతున్నట్టు కదిలాయి. ఫ్యాను కటకటమంటోంది. నాకు జవాబు అంతా నాలుక మీద ఉంది, నోరు విప్పకూడదు. ఈ పిల్ల ఏడాది, చదువు, వాళ్ల నాయన రమ్మనే పిలుపు, అన్నీ నేను ఇస్త్రీ చేసిన ఆ అధ్యాయంలో చిక్కుకుని ఉన్నాయి. ఒక్క దగ్గయినా దగ్గి ఉండకూడదా నేను, అని నన్ను నేను తిట్టుకున్నాను. రాసే అమ్మాయి కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

ఉన్నట్టుండి ఆమె మొహం వెలిగింది. పెదవులు చప్పుడు లేకుండా గబగబా ఏదో అనుకున్నాయి. నవ్వు ఆపుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. చెరువు బాగుచేసేవారికి ఆ చెరువు కిందే ఇచ్చే మాన్యం భూమి గురించి, మరమ్మతు మానితే మాన్యం పోయే కట్టుబాటు గురించి, ఆ కట్టుబాటు తెగిపోయాక చెరువులు ఎట్లా పూడిపోయాయో దాని గురించి. ఆగకుండా, తడుముకోకుండా, గంట కొట్టే దాకా.

రాసే అమ్మాయి కాగితాలు కట్టి వెళ్లిపోయాక అడిగాను. "ఎట్లా గుర్తొచ్చింది?"

ఆమె తెల్లకర్ర విప్పుకుంటూ, గొంతు పెంచి, ముమ్మూర్తులా నా గొంతుతో అరిచింది: "ఏమప్పా, మీకు చెవులుండాయా లేవా? ఈడ మనిషి ఉడికి సస్తాంటే ఆడ నాటకాలాడతాండారా? అంత అరవల్లంటే పోండి, పోయి బస్టాండులో అరుసుకోండి!" తర్వాత గొంతు దించి, "చెరువు బాగుచేసేవారికి ఇచ్చిన మాన్యాలు..." అంది. "దాని వెనకాల ఇదే వస్తాది మేడమ్. మొదట్లో విన్నప్పుడు మీ గొంతని అనుకోలేదు. ఎవరో బయట అరిచినారనుకున్నా. ఇప్పుడు ఈడ కూచుని ఆలోచిస్తాంటే తెలిసింది, అది మీరేనని."

రికార్డు ఆపానని అనుకున్నాను. ఆపలేదు.

తర్వాత ఫలితాల్లో ఆ పేపరు ఆమె గట్టెక్కింది. పరీక్ష జరిగిన సాయంత్రమే అందరూ పోయాక నేను వెనక గదిలో కూర్చుని నా అధ్యాయం మొదటిసారి విన్నాను. ఇస్త్రీ గొంతు వస్తోంది, వస్తోంది, వస్తోంది. కుర్చీ జరిగింది, తలుపు తెరుచుకుంది. దూరం నుంచి మా అమ్మ అరిచింది. బస్సులవాళ్లను, మేకలను, మమ్మల్ని, అందరినీ అదే గొంతుతో అరిచేది ఆమె. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె గొంతు నా లోపల ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. చూపు లేని ఒక పిల్ల దాన్ని పట్టుకుని పరీక్ష దాటింది.

ఆ నెల సమాచార పత్రంలో కొత్తగా చేరిన వాటి కింద ఆ పుస్తకం పేరు రాసి, పక్కన 'వినడానికి' అని పెట్టాను. కత్తిరింపులు లేవని కూడా రాశాను.